రేవులో నిప్పు, మన యూరి పత్తి
(అగ్నిమాపక వారోత్సవముల సందర్భమున మన సంఘ సభలో చేయబడిన ప్రసంగము)



ఏప్రిల్ 14వ తేదీ మొదలు ఒక వారము దేశమంతట అగ్నిమాపక దళమువారు వారోత్సవములు జరుపుదురు. ఆ తేదీయే యేల యేర్పడెనో మనలో చాలమందికి తెలియకపోవచ్చును. అదియొక రేవుపట్టణపు కథ. సముద్రమునకు దూరముగ, కొండల పాదమున నివసించు మనకు దానితో పనియేమని తోచవచ్చును. కాని ఆ కథలో మనకు బాగుగ పరిచితమైన వస్తువొకటి గలదు. అది పత్తి.

1944లో, యుద్ధకాలమున, బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికిన్ అను ఓడ నిలిచియుండెను. కరాచీలో ఎక్కించిన వేలకొలది పత్తిబేళ్లును, సుమారు 1,400 టన్నుల ప్రేలుడు పదార్థములును ఆ యొక్క ఓడలోనే నుండెను. ఏప్రిల్ 14 మధ్యాహ్నము రెండు గంటల ప్రాంతమున నిప్పు సంగతి బయటపడెను. 900 టన్నులకు మించి నీరు పోసిరి. దట్టమైన పొగలో నిప్పు మూలము చిక్కలేదు. పత్తి యెరిగినవారికి ఇందలి కష్టము చెప్పనక్కరలేదు. బిగించిన బేలులోనికి నీరు సులభముగ దిగదు. పైన తడిసి చల్లారినట్లే యుండును. లోపల నిప్పు రాజుచునే యుండును. బేలును విప్పి చెదరగొట్టినగాని అది చావదు. నాలుగు గంటల ఆరు నిమిషములకు ఓడ ప్రేలెను. కొంతసేపటికి మరల ప్రేలెను. అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది ప్రాణములు గోల్పోయిరి. వారి స్మృతికే యీ వారము.

ఇక మన తెలుగు తీరము మాట. 2023 నవంబరు 19వ తేదీ రాత్రి విశాఖపట్టణపు చేపలరేవులో నిప్పంటుకొని సుమారు 40 మరపడవలు దగ్ధమయ్యెను. అది మారుమూల పల్లె కాదు, మహానగరము, ఇంజనులు వచ్చెను. అయినను పడవలు ఒకదాని నొకటి ఆనుకొనియుండెను. వానిలో డీజిలును, వంటగ్యాసు సిలిండర్లును నుండెను. ఎంత గొప్ప దళమైనను, తాను రాకమునుపు గడచిన నిమిషములను వెనుకకు తేలేదుగదా!

మన యూరిలోను అగ్నిమాపక కేంద్రము గలదు. అది యున్నదను ధైర్యమున మనము చేయవలసిన పని మరచుచున్నామని నా యభిప్రాయము. 1936లో మిల్లు స్థాపితమైనది మొదలు ఈ యూరి బ్రదుకు పత్తితో ముడిపడినది. చేరువనున్న ఛత్రపట్టిలో కట్టుగుడ్డల నేత. నూలు, దూది యెక్కడ నిలువచేసినను, అచ్చటికి ఇంజను పోగలదా యని ముందే చూడవలెను. వీధి కడ్డముగ పందిరి వేసి మూడు దినములు దారి మూసివేయుచున్నాము. పెండ్లివారు కోపింపరాదు. పందిరి ప్రక్కగ నొక ఇంజను పోవు సందు విడిచినంత మాత్రమున శుభకార్యమునకు లోటు రాదు.

మరియొకటి. పాతపాళయమున గాని సింగరాజకోటలో గాని మన పెద్దలు వీధులను ఇంటిపేర్లతోను, పూర్వపు గుర్తులతోను చెప్పుకొందురు. వినుటకు ఇంపుగనే యుండును. కాని 101కో 112కో ఫోను చేసినపుడు ఆ పిలుపు నందుకొనువారు మన యూరివారే యగుదురను నమ్మకము లేదు. పలకమీది తమిళపు పేరును, దగ్గరి గుడినో బడినో చెప్పవలెను. ఆ చిరునామాను పెద్ద యక్షరములతో వ్రాసి ఫోను ప్రక్క నంటించుడు. ఇంట ఒంటరిగ నుండు అవ్వకు, తాతకు తప్పక చూపుడు.

మంట కనబడినంతనే గుంపుగ పరుగెత్తుట మనవారికి స్వభావము. 2012 సెప్టెంబరు 5న శివకాశి చేరువ ముదలిపట్టి బాణసంచా కర్మాగారమున దాదాపు 40 మంది మరణించిరి. వారిలో పలువురు అచ్చటి పనివారు కారు. పొగ చూచి సాయపడుటకును, వేడుక చూచుటకును వచ్చినవారు. సాయపడగోరువాడు మలుపు వద్ద నిలిచి ఇంజనుకు దారి చూపవలెను. వాహనములను తొలగింపవలెను. అంతకంటె మేలైన సాయము నాకు తోచదు.

మన యువకులకు ఒక మనవి. కేంద్రపు అధికారి నడిగి ఇంజను వెడల్పెంతో తెలిసికొనుడు. ఒక ఆదివారము టేపు పట్టుకొని మన సందులన్నియు కొలువుడు. ఇంజను దూరని చోట్లను, నీటితొట్లున్న చోట్లను తమిళమున పట్టిక వ్రాసి ఆ కేంద్రమున కిచ్చి రండు. ఒక ప్రతి మన సంఘ కార్యాలయమున నుంచుడు.