వేసవి నాగావళిలో గాలము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి యేటా ఈ వేదికమీద పంచాంగ శ్రవణము, కవితా పఠనము జరుగుచుండగా క్రింద కూర్చుండి వినుటయే మాకు అలవాటు. ఈ సంవత్సరము కార్యదర్శిగారు మా ఆఫీసుకు వచ్చి, “మీరు ముగ్గురూ సెలవు దొరికితే చాలు, గాలాలు భుజాన వేసుకొని నదికి పోతారు గదా, ఆ సంగతే పది నిమిషాలు చెప్పండి” అని పట్టుబట్టినారు. మేము రైల్వే గుమాస్తాలము, పండితులము కాము. పైగా గాలము వేయువాని నోట చేప చెప్పినప్పుడెల్ల జానెడు పెరుగునని లోకములో ఒక అపవాదు ఉన్నది. కాబట్టి కొలతలు పెంచకుండ, చూచినంత మాత్రమే మనవి చేసెదము.

మన రాయగడ ప్రక్కగా పారు నాగావళి కలహండి కొండలలో పుట్టి, పార్వతీపురము, పాలకొండ ప్రాంతములమీదుగా పోయి, శ్రీకాకుళము పట్టణమును ఒరసికొని కళ్ళేపల్లి వద్ద సముద్రములో కలియును. దాని నడక సుమారు 256 కిలోమీటర్లు. లాంగుల్య అనియు దీనికి పేరు. మనలో చాలమంది తాతలు ఈ నదికి దిగువనున్న ఊళ్ళనుండి రైలుదారి పట్టుకొని ఎగువకు వచ్చినవారే. మనవాళ్ళు ఎగువకు వచ్చినారు, నీరు మాత్రము రోజూ మన సొంత ఊళ్ళకు పోవుచున్నది.

ఈ నది కోపము మనము ఎరుగనిది కాదు. 2017 జూలైలో వచ్చిన వరదకు మన జిల్లాలో రైలువంతెనలే కొట్టుకొనిపోయినవి. అటువంటి నది చైత్రము వచ్చుసరికి బండల సందున పిల్లకాలువవలె సన్నబడును. దాటువానికి మోకాలు తడియును, అంతే. ఆ బండల మధ్య అక్కడక్కడ మడుగులు మిగులును. ఎండకాలములో గాలము వేయువాని లోకమంతయు ఆ మడుగులే.

నీరు తగ్గినది గదా, చేపలన్నియు ఒకచోట చేరును, పట్టుట సులభమని చాలమంది అనుకొందురు. అది సగము మాత్రమే నిజము. చేపలు చేరుట నిజమే. కాని నీరు తేటపడును, వేడెక్కును. నీరు వేడెక్కినకొలది అందులో కరిగియుండు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల వేడిమిలో లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడునది 30 డిగ్రీలలో ఏడున్నరకు దిగును. మధ్యాహ్నపుటెండలో చేప నోరు కదపదు. బండ నీడనో, రాళ్ళమీదుగా నురుగుతో నీరు దూకుచోటనో ఒదిగి నిలుచును. దూకు నీటిలో గాలి కలియును గనుక అక్కడ దానికి ఊపిరి సుఖము. కాబట్టి వేసవిలో గాలమునకు వేళ తెల్లవారకముందు ఒక గంట, తెల్లవారిన తరువాత ఒక గంట. సాయంకాలము దీపాలవేళ మరి కొంతసేపు. ఆ నడుమ గట్టున కూర్చున్నవానికి వడదెబ్బ తప్ప మరేమియు తగులదు.

తేట నీటిలో మరియొక చిక్కు కలదు. మనము చేపను చూచుటకు ముందే చేప మనలను చూచును. కాంతి నీటిలో దిగునప్పుడు వంగును గనుక గట్టున నిటారుగా నిలబడినవాడు దానికి చక్కగా కనబడును. నేలకు అంటుకొని కూర్చున్నవాడు కనబడుట కష్టము. దాని ఒంటి ప్రక్కన తలనుండి తోకదాక ఒక గీత ఉండును. నీటిలోని చిన్న అదురునైనను అది ఆ గీతతోనే పసిగట్టును. అందుచేత మేము చెప్పులు దూరముగా విడిచి, నీడ మడుగుమీద పడకుండ సూర్యునికి ఎదురుగా కూర్చుందుము. నైలాను దారము సన్ననిది కట్టుదుము. సీసపు గుండు వేయము, ఆ చప్పుడుకే మడుగంతయు బెదరును. పరిగెలకు వానపాము చాలును. జెల్లకు కూడ అదే. కొరమీనుకు మాత్రము చిన్న కప్పను గ్రుచ్చి నీటిమీద ఎగిరెగిరి పడునట్లు ఆడించవలెను.

కొరమీను సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. దీనికి మొప్పలేగాక తలలో గాలి నిలుపుకొను అరలున్నవి. మాటిమాటికి పైకి వచ్చి గాలి పుచ్చుకొని మునుగును. పైకి రానీయకుండ అడ్డగించినచో, చేపయై యుండియు నీటిలోనే ఊపిరాడక చచ్చును. వేసవిలో తక్కిన చేపలు నీరసపడిన మడుగులో ఇది మాత్రము హుషారుగా ఉండుటకు ఇదే కారణము. అది కప్పను నోట కరచినప్పుడు తొందరపడి లాగినచో కప్ప వచ్చును, చేప రాదు. మనసులో పది లెక్కపెట్టి లాగవలెను. ఆ పది లెక్కపెట్టుటకు మాకు రెండేండ్లు పట్టినది.

ఇక మేము చేసిన తప్పు ఒకటి చెప్పెదము. అసలు ఈ సభలో నిలబడుటకు ఒప్పుకొన్నది దానికొరకే.

ఆరేండ్ల క్రిందట మే నెలాఖరున రెండు జల్లులు పడినవి. తెల్లవారుజామున మడుగు ఒడ్డున చూతుము గదా, గడ్డి ప్రక్కన నీటిమీద కుంకుమ చల్లినట్లు ఎర్రగా ఒక మచ్చ, చాపంత వెడల్పున కదలుచున్నది. అవి కొరమీను పిల్లలు. వాటి క్రింద నల్లగా పెద్ద చేప తిరుగుచున్నది. కప్పను ఆ మచ్చ ప్రక్కన వదలగానే ఎగబడి కరచినది. పది లెక్కపెట్టు పని కూడ లేకపోయినది. గంట తిరుగకముందే రెండవది కూడ అట్లే చిక్కినది. మాకు పట్టరాని సంతోషము. మా నేర్పే అనుకొన్నాము. అది ఆకలితో కరచినది కాదని, పిల్లల దగ్గరకు వచ్చిన దేనినో తరుముటకు కరచినదని అప్పుడు మాకు తోచలేదు.

గట్టున వల ఆరబెట్టుకొనుచున్న ముసలాయన ఒకడు మా సంచి చూచి, “రెండిటినీ పట్టీసినారా బాబూ? మరా పిల్లల్ని ఎవులు సూస్తారు?” అన్నాడు. “చేపపిల్లలకు చూచువారెందుకు తాతా?” అని నవ్వి వచ్చినాము. మరునాడు డ్యూటీకి పోవుటకు ముందు మనసు ఆగక వెళ్ళి చూచినాము. ఆ ఎర్రని మచ్చ నాలుగు ముక్కలై యున్నది. జెల్లలు, పరిగెలు నలువైపులనుండి వచ్చి వాటిని మ్రింగుచున్నవి. ఆదివారమునకు ఆ మడుగులో ఎరుపు లేదు. ఇంటిలో ఆ పులుసు ఎంతో రుచిగా ఉన్నదని అందరును మెచ్చుకొన్నారు. ఆ మాట నేటికిని మాకు గుచ్చుకొనుచునే యున్నది.

అమెరికా నదులలో స్మాల్‌మౌత్ బాస్ అను చేప ఉన్నది. దానిలో మగచేప గులకరాళ్ళమధ్య గూడు తవ్వి, గ్రుడ్లను పిల్లలను కాచును. కొన్ని రాష్ట్రములలో ఆ దినములలో దానిని పట్టరాదని కట్టడి. మనకును చట్టము లేకపోలేదు. నీటిలో మందుగుండు పేల్చి చేపలను చంపుట, విషము కలుపుట నేరమని 1897 నాటి చట్టమే చెప్పుచున్నది. కాని కప్పతో గాలము వేయువానిని ఏ చట్టము ఆపును? అతడే ఆగవలెను.

అందుచేత మేము ముగ్గురము మూడు నియమములు పెట్టుకొన్నాము. పిల్లలను కాచుచున్న చేప దగ్గర గాలము వేయరాదు. పారుదల తెగి ఒంటరియైన మడుగును తోడి ఊడ్చరాదు, ఎందుకనగా దానిలోని చేపకు పారిపోవుటకు దారి లేదు. ఇంటికి ఆ పూటకు చాలినన్ని పట్టి కర్ర చుట్టవలెను. బొచ్చెకు, శీలావతికి వాన వరదలే గ్రుడ్లు పెట్టు కాలము. వేసవి మడుగులో బ్రతికి బయటపడినవే ఆషాఢపు నీటిలో నదిని మరల నింపును. ఆ నీరు దిగువకు పోయి, మన తాతల ఊళ్ళలో వల వేయువానికి అందును.

క్రిందటి మే నెలలో అదే మడుగులో మరల ఎర్రని మచ్చ కనబడినది. మా పిల్లలను వెంట తీసికొనిపోయి చూపినాము. “పట్టవా నాన్నా?” అని చిన్నవాడు అడిగినాడు. కర్ర నేలమీదనే ఉంచి, ఎండ ముదురువరకు వానితో కూర్చుండి చూచినాము. ఆనాడు ఇంటిలో వంకాయ కూర.

ఈ వేసవిలో చూడగోరువారు ఏ ఆదివారమైనను ఉదయము అయిదు గంటలకు వంతెన దిగువకు రావచ్చును. చెప్పులు విడిచి, మాటలు మాని రావలెనని మాత్రము మనవి. మీకందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.