ఇంజనుకు ఇంధనము అందనిచో

మండవల్లి, కైకలూరు, ఆకివీడు ప్రాంతముల బొచ్చె, శీలావతి చేపలు మంచు నడుమ పేర్చబడి లారీలలో బెంగాలునకును, అస్సామునకును పోవుట మన మెల్లరమును ఎరిగినదే. ఆ పెట్టెలలోని మంచు కరుగుట కొక గడువు కలదు. గడువులోపల లారీ చేరినచో సరకునకు వెల యుండును. దారిలో నిలిచినచో నష్టమే. అట్లు నిలిచిన బండ్లలో పలుమారు దోషము ఇంజనులో నుండదు; ఇంజనుకు ఇంధనము చేరు మార్గములో నుండును. ఆ మార్గమును గూర్చియే నేడు ముచ్చటింతము.

నేటి లారీ ఇంజనులకు టర్బోఛార్జరు ఉండును. వెలికి పోవు పొగ వేగముతో అది తిరిగి, గాలిని నొక్కి సిలిండరులోనికి పంపును. వేగపు కార్లలో కొన్నింటికి ఇంజనే బెల్టుతో త్రిప్పు సూపర్‌ఛార్జరు ఉండును. త్రోవ వేరైనను పని యొకటే. గాలి హెచ్చినచో దానికి తగిన ఇంధనమును హెచ్చు కావలెను. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి పట్టును. గాలి ఒత్తిడితో వచ్చుచుండగా పెట్రోలు తగ్గెనా, మిశ్రమము పలుచబడి, వేడి పెరిగి, అకాలమున ప్రేలి, పిస్టను కరిగిపోవచ్చును. పంపు చాలునో చాలదో ఇంజను ఊరక తిరుగుచున్నపుడు తెలియదు. పూర్తి బరువుమీద ఇంధనపు ఒత్తిడిని కొలిచిననే తెలియును.

డీజిలు ఇంజను స్వభావము వేరు. ఇంధనము తగ్గినచో దాని శక్తి తగ్గును, అంతే. కాని డీజిలులో నీరు చేరినచో, మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతుల సందుతో అమరిన పంపును, నాజిల్లును త్రుప్పు పట్టి చెడును. నీరెక్కడి దందురా? కొల్లేటి సీమ గాలిలో తేమ హెచ్చు. సగము ఖాళీయైన టాంకులోని గాలి రాత్రి చల్లబడగా, తేమ గోడలపై చెమర్చి అడుగునకు దిగును. కావున సాయంకాలమే టాంకు నింపుట మేలు. ఉదయము బండి తీయకముందే వాటరు సెపరేటరు అడుగు మర విప్పి నీటిని వదలవలెను.

తరువాతిది గాలి. పంపు టాంకునుండి డీజిలును పీల్చుకొను భాగమున వాషరు అరిగినచో చుక్క కారకపోవచ్చును. బయటి గాలియే లోనికి పోవును. దీనినే మన మెకానిక్కులు ‘ఎయిర్ పట్టింది’ అందురు. బండి కొంతదూరము నడిచి ఆగి, టాంకు మూత తీయగానే మరల నడిచినచో, మూత గాలిరంధ్రము పూడినదేమో చూడవలెను. శక్తి తగ్గి నల్లపొగ వచ్చినచో మొదట గాలి ఫిల్టరును, టర్బో గొట్టములను చూడవలెను. పొగలేకయే శక్తి తగ్గినచో డీజిలు ఫిల్టరును అనుమానింపవలెను. అయితే ఇంజను నడుచుచుండగా నాజిల్ గొట్టపు మరలను విప్పరాదు. ఆ చిమ్ము చర్మమును చీల్చుకొని లోనికి పోవును, అది ప్రాణాపాయము.

ఈ జాగ్రత్తలు చెరువుగట్టున ఏరేటర్లను నడపు జనరేటరుకును వర్తించును. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గియుండును. ఆ వేళ కరెంటు పోయి, జనరేటరు అందుకొననిచో చేపలు నోళ్లు తెరచి పైకి తేలును. అప్పుడు మెకానిక్కునకై కబురంపుట కన్న, ముందే ఒక క్రొత్త ఫిల్టరును, రెండు రాగి వాషర్లను దగ్గర నుంచుకొని, వారమున కొకమారు జనరేటరును బరువుమీద నడిపి చూచుకొనుట తెలివి. ఆ కొద్దిపాటి ఖర్చు ఏడాది పంటకు కాపు.