జంట నృత్యము – నాడు, నేడు



పాశ్చాత్యుల బాల్‌రూమ్ నృత్యమును మనలో పెక్కుమంది చలనచిత్రములలోనే చూచియుందురు. నిజమునకు అది చూచువారి కొరకు పుట్టినది కాదు. మన కోలాటము వలె పాల్గొనువారి సంతోషమునకు పుట్టినది. అట్టి దానికి న్యాయనిర్ణేతలును బహుమతులును ఎట్లు వచ్చెనో, వచ్చిన పిదప దాని రూపమెట్లు మారెనో నేడు ముచ్చటింతును.

పదునెనిమిదవ శతాబ్ది చివర వియన్నాలో వాల్ట్జ్ ప్రబలెను. అందు పురుషుడు స్త్రీ నడుముపై చేయి వేసి, ఆమెతో గిరగిర తిరుగును. పెద్దలు మండిపడిరి. 1816లో రాజప్రతినిధి ఇచ్చిన విందులో ఈ నృత్యము జరుగగా, లండను టైమ్స్ పత్రిక తీవ్రముగా నిరసించెను. ఒకటి రెండు తరములు గడచుసరికి అదే మర్యాదకు గుర్తయ్యెను! కొత్త నృత్యములలో పెక్కింటి కథ ఇంతే.

మొదటి ప్రపంచయుద్ధము నాటికి టాంగో, ఫాక్స్‌ట్రాట్ వచ్చెను. ఎవరి అడుగులు వారివి. ఈ గందరగోళమును చూచి, డాన్సింగ్ టైమ్స్ సంపాదకుడు ఫిలిప్ రిచర్డ్‌సన్ 1920లో లండనులో ఉపాధ్యాయులను సమావేశపరచెను. 1924లో ఇంపీరియల్ సొసైటీలో బాల్‌రూమ్ శాఖ వెలసెను. అడుగులకు లక్షణము ఏర్పడెను. లక్షణము ఏర్పడిన చోట తప్పొప్పులు ఏర్పడును. తప్పొప్పులున్న చోట పోటీకి ఆస్కారము కలుగును.

రేడియోతో సంబంధము గల మనకు విక్టర్ సిల్వెస్టర్ ముఖ్యుడు. 1922లో ప్రపంచ విజేతయైన ఈయనకు, వాద్యబృందములు తోచిన వేగమున వాయించుట కిట్టలేదు. 1935లో సొంత బృందముతో కచ్చితమైన లయలో రికార్డులివ్వ నారంభించెను. 1941 నుండి బి.బి.సి. రేడియోలో అడుగులను మాటలలో చెప్పి నేర్పెను. కంటితో చూడవలసిన విద్యను చెవితో నేర్పుట సామాన్యమా! నేటి పోటీలలోను వాల్ట్జ్‌కు నిమిషమునకు 28 నుండి 30 ఆవర్తములని వేగము నిర్ణీతమై యున్నది.

ఇక రూపము మాట. కిక్కిరిసిన హాలులో అడుగు చిన్నది. పురుషుడు ఎదుటి జంటకు తగులకుండ దారి వెదకికొనుచు, ఒంటి కదలికతోనే తన ఉద్దేశమును భాగస్వామికి తెలుపవలెను. అపరిచితులు సైతము కలసి నర్తింపగలుగుట ఇందు వలననే. పోటీలో అట్లు గాదు. అనేక జంటలు ఒక్కమారే నర్తించుచుండగా, నిర్ణేత చూపు ఒక్కొక్కరిపై కొద్ది క్షణములే నిలుచును. కావున అడుగు సాగెను; భుజములు విచ్చుకొనెను; స్త్రీ వెన్ను వెనుకకు వంగెను. చాలవరకు అడుగుల వరుస ముందే కూర్చబడి యుండును. చూచుటకు మనోహరమే. నా మట్టుకు, మోచేయి ఎవరికిని తగులనీయక మూరెడు జాగాలో తిరుగుటయే ఎక్కువ విద్యయని తోచును.

అయినను పోటీలను నిందింప మనసొప్పదు. 1960లో ట్విస్ట్ వచ్చి జంటల చేతులు విడదీసెను. యువజనులు పాత నృత్యములను విడువగా, వానిని శ్రద్ధతో కాపాడినవి పోటీలే. 1920లో ఆరంభమైన బ్లాక్‌పూల్ ఉత్సవమునకు నేటికిని దేశదేశముల జంటలు వచ్చుచున్నవి. 1997లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ఈ క్రీడానృత్య సమాఖ్యను గుర్తించెను. 2004లో బి.బి.సి. టెలివిజనులో ప్రసిద్ధులు వృత్తి నర్తకులతో కలసి నర్తించు పోటీ మొదలయ్యెను. అది పలు దేశములకు ప్రాకెను.

ఆ బ్లాక్‌పూల్‌లోనే, పోటీలు జరుగు ఎంప్రెస్ బాల్‌రూమునకు కొద్ది దూరమున టవర్ బాల్‌రూమ్ కలదు. అచ్చట పగటి వేళ వుర్లిట్జర్ ఆర్గను వాయించుచుండగా సామాన్యులు, అందును వృద్ధ దంపతులు, నేటికిని వాల్ట్జ్ చేయుదురు. వారికి మార్కులు వేయువారుండరు.