జంషెడ్‌పూర్‌లో ఎస్.వి. రంగారావు

అబూ హలీఫా నుంచి మాట్లాడుతున్నాను.

క్రితం నెల ఒక గురువారం రాత్రి మా ఫ్లాట్‌లో ఉగాది నాటిక రిహార్సల్స్ మొదలుపెట్టాం. ఊళ్లో ఉండగా పరిషత్తు పోటీల్లో బహుమతులు తెచ్చుకున్న మిత్రుడొకరు వేషం వెయ్యనన్నారు. "ఈ ఎడారిలో ఎవరి కోసమండీ? విమానం ఎక్కిన రోజే నా నటన అయిపోయింది" అన్నారు. అప్పటికి నాకు జవాబు తోచలేదు. అందరూ వెళ్లాక ఎస్.వి. రంగారావు గారు గుర్తొచ్చారు.

ఆయన 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు. కాకినాడలో చదువుకునే రోజుల్లో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో వేషాలు కట్టారు. షేక్‌స్పియర్ నాటకాలూ వేశారు. తర్వాత ఫైర్ సర్వీసులో ఆఫీసరయ్యారు. నటన మీద మమకారంతో ఆ ఉద్యోగం వదులుకుని 'వరూధిని'లో ప్రవరుడిగా నటించారు. ఆ సినిమా ఆడలేదు. మళ్లీ వేషాలు రాలేదు. బతుకుతెరువు వెతుక్కుంటూ జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో చేరారు. అంటే మనలాగే పొట్ట చేతబట్టుకుని పరాయి ఊరు చేరారన్నమాట!

అయినా ముఖానికి రంగు పూసుకోవడం మానలేదు. అక్కడి ఆంధ్ర సంఘం వేసిన 'వీరాభిమన్యు' నాటకంలో నటించారు. చూసింది మనలాంటి ఉద్యోగస్తులూ, వాళ్ల పిల్లలూ.

ఆ నాటకం వల్లే సినిమా అవకాశాలు వచ్చాయని నేననను. కానీ మద్రాసు నుంచి మళ్లీ పిలుపు వచ్చేనాటికి ఆయనలోని నటుడు తుప్పు పట్టలేదు. 1949లో 'మనదేశం'లో చిన్న వేషం. 1951లో 'పాతాళభైరవి' నేపాళ మాంత్రికుడు. 1957లో 'మాయాబజార్' ఘటోత్కచుడు. లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరొస్తుంటే ఇక్కడ పుట్టిన మా పిల్లలు ఈనాటికీ పడీపడీ నవ్వుతారు. 1963లో వచ్చిన 'నర్తనశాల'లో కీచకుడి పాత్రకు జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి దక్కింది. ఆ తర్వాత 'చదరంగం', 'బాంధవ్యాలు' స్వయంగా దర్శకత్వం చేశారు. 1974 జూలై 18న, 56 ఏళ్లకే కన్నుమూశారు.

ఇదంతా మా మిత్రుడికి చెప్పాను. "రంగారావు గారెక్కడ, నేనెక్కడండీ!" అన్నారు. నిజమే. "కానీ జంషెడ్‌పూర్‌లో ఆయన కూడా ఒక ఆఫీసు ఉద్యోగే కదండీ" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "వేషం సంగతి తర్వాత చూద్దాం, ముందు స్క్రిప్టు కాపీ ఒకటి ఇవ్వండి" అన్నారు.

ఇచ్చాను. మీ ఊళ్లోనూ అలాంటి వాళ్లుంటే ఒక కాపీ ఇచ్చి చూడండి. సెలవు.