పనిముట్ల పెట్టెను బండికి బిగించుట



మన పల్లెలలో ఒకప్పుడు ఎడ్లబండి నిలిచిన చావడి ముందర నేడు పికప్పు బండి నిలుచుచున్నది. ధాన్యపు బస్తాలు, కూరగాయలు, పాల క్యానులు దాని తొట్టిలోనే సంతకు పోవుచున్నవి. ఆ తొట్టిలో జాకీ, పానాలు, సుత్తి, గునపము నిండిన ఇనుప పెట్టె యొకటి యుండును. దానిని బిగింపక యూరక యుంచుట యెంత ప్రమాదమో, సరిగా బిగించు విధ మెట్టిదో విన్నవించుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

ఎడ్లబండి మనుష్యుని నడకతో సమానముగా పోవును. అది యాగినచో అందలి వస్తువును దానితోడనే యాగును. మోటారు బండి యట్లు కాదు. కదలుచున్న వస్తువు అడ్డగించు బలము లేనంతవరకు అదే వేగముతో తిన్నగా పోవుచుండునని న్యూటను 1687వ సంవత్సరమున ప్రకటించెను. బ్రేకు చక్రములను పట్టునే గాని పెట్టెను పట్టదు. గంటకు 54 కిలోమీటర్ల వేగమున పోవుచున్న బండి దేనినైనను గ్రుద్దుకొని యాగినచో, లోపలి పెట్టె సెకనుకు 15 మీటర్ల వేగముతో ముందుకు దూకును. లెక్కించి చూడగా ఆ దెబ్బ 11 మీటర్లకు మించిన యెత్తునుండి, అనగా తాడిచెట్టు మీదినుండి, పడిన దెబ్బతో సమానము. 40 కిలోల పెట్టె తాడిచెట్టు మీదినుండి పడుచుండగా దాని క్రింద నిలుచువా డెవడు? డ్రైవరు వీపు వెనుక నున్నది పలుచని రేకు మాత్రమే.

ఇక పెట్టె నెచట నుంచవలయును? బండిపై బరువు సర్దుట పెద్దలకు క్రొత్త విద్య కాదు. బరువు వెనుకకు ఒరిగినచో కాడి పైకి లేచును. ముందునకు ఒరిగినచో ఎడ్ల మెడలను నొక్కును. పికప్పునకును ఇట్టి నియమము కలదు. వెనుక ఇరుసును దాటి బరువు చేరినచో ముందు చక్రములు తేలికపడి, త్రిప్పినట్లు తిరుగవు. కావున పెట్టెను క్యాబిన్ గోడ దాపున, తొట్టికి అడ్డముగా నుంచుట మేలు.

బెజ్జములు వేయుటకు పూర్వము బండి క్రిందికి దూరి చూచుట ముఖ్యము. తొట్టి రేకు దిగువనే డీజిలు ట్యాంకు, బ్రేకు గొట్టములు, విద్యుత్తు తీగలు ఉండవచ్చును. చూడక వేసిన బెజ్జము బ్రేకునే పాడుచేయగలదు. బండి భారమును మోయు చట్రమును ఎన్నడును తొలువరాదు. నాలుగు మూలలను 10 మిల్లీమీటర్ల బోల్టులు వేసి, రేకు క్రింద వెడల్పైన ఇనుప బిళ్లలు పెట్టవలయును. లేకున్న లాగుడునకు పలుచని రేకు చిరిగిపోవును. అదురునకు వదలకుండ నైలాను కట్టు గల నట్లను వాడవలయును. బెజ్జపు అంచులకు రంగు పూసి, పెట్టె యడుగున రబ్బరు పట్ట పరచినచో త్రుప్పు పట్టుట తగ్గును. నీరు పోవు రంధ్రములను మూయరాదు. వారము దినములు నడచిన పిమ్మట నట్లను మరల బిగించి చూడవలయును.

వెల్డింగు చేయించిన చాలదా యని కొంద రందురు. ఆ వేడిమికి రంగు కాలి, అచటనే త్రుప్పు మొదలగును. ట్యాంకు సమీపమున నిప్పు అపాయకరము. పెట్టెను మరల తీయుటయు కష్టము. బోల్టులే మేలు.

చివరకొక్క మాట. సరకుల బండి మనుష్యుల నెక్కించుటకు కాదు. అయినను నాట్లకును కోతలకును కూలీలను, పసిపిల్లల తల్లులను ఆ తొట్టిలోనే తీసికొనిపోవుచున్నారు. పెట్టె బిగించినంత మాత్రమున ఆ ప్రయాణము క్షేమకరము కానేరదు. పెట్టెకు చెప్పిన సూత్రమే మనుష్యునకును వర్తించును. పెట్టెను నాలుగు బోల్టులతో నిలుపవచ్చును. మనుష్యుని నిలుపు బోల్టు ఆ తొట్టిలో లేదు. ఊరిలో మీ మాటకు విలువ కలదు. బండి యజమానులను పిలిచి ఈ రెండు సంగతులును చెప్పుడు: పెట్టెను బిగింపుడని, మనుష్యులను దింపుడని.