అంతులేని కూడిక

అలిపిరి కడ పాదాల మండపమున మ్రొక్కి తిరుమల కొండ నెక్కువారికి మెట్ల లెక్క క్రొత్త కాదు. మెట్లు 3,500కు పైబడినవి. దారి సుమారు 9 కిలోమీటర్లు. ఎన్ని మెట్లైనను ఒక్కొక్కటిగా కూడుచు పోయిన, ఎప్పటికో ఒకప్పటికి కూడిక ముగియును. ముగింపే లేని కూడికకు మొత్తమనునది ఉండునా? అట్టి కూడికను గణితశాస్త్రమున అనంతశ్రేణి అందురు. ఈ కొండదారి మీదనే ముగ్గురు యాత్రికులను ఊహించి ఆ ప్రశ్నను పరిశీలింతము.

మొదటివాడు దినమునకు మిగిలిన దారిలో సగము మాత్రమే నడచును. మొదటినాడు సగము, మరునాడు పావు, ఆపైన అరపావు, వీసము, ఇట్లే ముందునకు. పదవనాటి సాయంకాలమునకు ఆతనికి మిగులునది 9 మీటర్లకు లోపే. ఆతడు కొండకొన నెన్నడును తాకడు. కాని మీరెంత స్వల్పమైన దూరము చెప్పినను, అంతకంటె చేరువకు ఒకనాడు తప్పక వచ్చును. కావున ఈ శ్రేణి మొత్తము ఒకటి, అనగా పూర్తి దారి. కూడికలు సమీపించుచుండు ఈ ఎల్లకే అవధి యని పేరు.

దీనిని కనుగొనుటకు సులభమైన ఉపాయము కలదు. శ్రేణిని రెట్టింపుము: ముందొక ఒకటి చేరి, వెనుక పాత శ్రేణియే నిలుచును. రెట్టింపు నుండి అసలును తీసివేసిన మిగులునది ఒకటి. ఇదే ఉపాయమును ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అను శ్రేణికి ప్రయోగించిన, మొత్తము ఋణ సంఖ్యయగు మైనస్ ఒకటి అని వచ్చును! అన్నియు ధన సంఖ్యలే కూడగా ఋణమెట్లు వచ్చెను? ఆ శ్రేణికి అవధి లేదు. లేనిదానిని ఉన్నదనుకొని లెక్క వేయుటయే దోషము.

పదములు చిన్నవగుచు పోయిన చాలునా? రెండవ యాత్రికుడు మొదటినాడు ఒక కిలోమీటరు, మరునాడు అర, మూడవనాడు మూడవ వంతు, నాలుగవనాడు పావు నడచును. వీడు ఎచ్చటనో ఆగిపోవునని తోచును. కాని దారిని సరిగా 9 కిలోమీటర్లుగా తీసికొన్నచో, 4,550వ నాడు, అనగా సుమారు పండ్రెండున్నర సంవత్సరములకు, వీడు కొండ చేరును. ఆనాడు నడచునది జానెడు మాత్రమే! దారి ఇంకను పొడవైనను ఓపికతో దానిని కూడ దాటును. హరాత్మక శ్రేణి యను ఈ కూడికకు హద్దు లేదు.

మూడవవాడు ఒకనాడు కిలోమీటరు ఎక్కును, మరునాడు అంతయు దిగును. ప్రతి సాయంకాలము వాడుండు చోటు ఒకటి, సున్న, ఒకటి, సున్న. దీనికి అవధి లేదు. అయినను ఆ చోటుల సరాసరిని నానాటికి తీయుచు పోయిన అది అరకు చేరువగును. ఇటలీ దేశీయుడైన ఎర్నెస్టో చెజారో 1890లో శ్రేణుల గుణకారమున ఈ సరాసరి మార్గమును వినియోగించెను. పిదప హంగరీలో జన్మించిన మార్సెల్ రీస్ పదములకు వేర్వేరు తూకములిచ్చి సరాసరి తీయు విధానములను ఏర్పరచెను.

ఆ విధానములపై ‘టిపికల్ మీన్స్’ అను గ్రంథము 1952లో వెలువడెను. రచయితలలో ఒకరు 1920లో మచిలీపట్టణమున జన్మించిన కొమరవోలు చంద్రశేఖరన్. రెండవవారు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులుగా నుండిన ఎస్. మీనాక్షిసుందరం. అంతులేని కూడికల శాస్త్రమున తెలుగుదేశపు పాలు ఇట్లు గణనీయమైనది.

సరాసరి పద్ధతికి ఒక నీతి కలదు. మొదటి యాత్రికుని విషయమున అది వెనుకటి సమాధానమునే, ఒకటినే, ఇచ్చును. క్రొత్త నియమము పాత సత్యమును చెరుపరాదు. లేనిచోట మాత్రమే క్రొత్త అర్థమును కల్పింపవలెను. కావున మీ ఇంటి విద్యార్థి అనంతశ్రేణికి జవాబు తెచ్చినప్పుడు, ‘మొత్తమెంత?’ అని అడుగుటకు ముందు, ‘ఏ నియమమున?’ అని అడుగుడు.