మాస్టారి కార్డుకు జవాబు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సత్తుపల్లి నుంచి ఖమ్మం మీదుగా ఎర్రబస్సులో వెళ్లి, హైదరాబాదులో కోఠీ మహిళా కళాశాలలో డిగ్రీ చదివినదాన్ని నేను. ఆడపిల్లను అంత దూరం పంపనన్న మా నాన్నను ఒప్పించింది మన సోషల్ మాస్టారే. పదో తరగతిలో ఆయన పునరుజ్జీవనం పాఠం చెబితే లియొనార్డో, మైకెలాంజిలో అని వల్లె వేసి మార్కులు తెచ్చుకున్నాం, అంతే.

నేను చేరిన నెలకు ఆయన కార్డు రాశారు. "మీ కాలేజీ పాత రెసిడెన్సీ భవనమట కదా, స్తంభాలు ఎలా ఉన్నాయో చూసి రాయమ్మా" అని. నేను హాస్టల్ భోజనం గురించి, పరీక్షల గురించి రాశాను. రోజూ ఆ స్తంభాల కిందే, సింహాల బొమ్మల పక్కన మెట్ల మీద డబ్బాలు విప్పుకుని తినేవాళ్లం. తలెత్తి చూస్తే కదా!

మరమ్మతులయ్యాక 2023లో ఆ మేడను సందర్శకులకు తెరిచారు. మనవరాలిని తీసుకుని వెళ్లాను. అప్పుడు చదివి తెలుసుకున్న సంగతి ఇది. పదహారో శతాబ్దంలో ఇటలీలో పల్లాడియో అనే వాస్తుశిల్పి, రోమన్ గుళ్లకుండే స్తంభాల ముఖమంటపాన్ని తెచ్చి మనుషులు కాపురముండే ఇళ్లకు పెట్టాడు. 1570లో ఆయన అచ్చువేయించిన గ్రంథం తర్వాత ఇంగ్లండు చేరింది. అక్కడి దొరలు తమ మేడలు అలాగే కట్టుకున్నారు. ఆ వరసలోనే 1803 ప్రాంతంలో బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌ప్యాట్రిక్ మూసీ ఒడ్డున ఈ మేడ మొదలుపెట్టాడు. ప్లాను శామ్యూల్ రస్సెల్ అనే సైనిక ఇంజనీరుది, డబ్బు నిజాముది. మన పాఠంలోని ఇటలీ కోఠీ బస్టాపు పక్కనే ఉందన్నమాట.

కిర్క్‌ప్యాట్రిక్ హైదరాబాదు అమ్మాయి ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఆమె వెనక జనానాలో పరదాలో ఉండేది. ముందువైపుకు వచ్చి చూడలేదు కనుక, మేడకు చిన్న నమూనా చేయించి ఆమె తోటలో పెట్టించాడంటారు. ఆ బొమ్మరిల్లు ఇప్పటికీ ఉంది. మా మనవరాలు దాని ముందు చతికిలబడి ఎంతకీ లేవలేదు. ఖైరున్నీసా ఎక్కని ఆ ముందు మెట్లనే 1949 నుంచి ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని ఎక్కారు. వాళ్లలో సత్తుపల్లి పిల్లను నేనూ ఒకదాన్ని.

మాస్టారు ఇప్పుడు లేరు. కార్డు నా దగ్గరే ఉంది. జవాబు ఇక్కడ చెబుతున్నాను.

మాస్టారూ, ముందువైపు ఆరు స్తంభాలు. రెండంతస్తుల ఎత్తు. తలల మీద ఆకుల చెక్కడం ఉంది, కొరింథియన్ అంటారట. మెడ నొప్పెట్టేదాకా చూశాను.

సెలవు.